రాళ్ళచేను ఇద్దరిది

మా నాన్న మా వంశం సంగతి ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో మొదలుపెట్టేవాడు.

“మా తాత ఒక్కడే వచ్చాడమ్మా ఈ రాళ్ళలోకి.”

నాన్న తాత, అంటే మా ముత్తాత, ఎడ్లపాడు వైపు ఒక ఆసామి దగ్గర పాలేరు. ఊళ్ళకు వచ్చి బోధ చేసే తెల్లదొరగారి మాటలు విని బాప్తిస్మం తీసుకున్నాడు. ఆదివారం పనిలోకి రానన్నాడు. అయితే గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు ఆసామి. అప్పుడు దొరగారే సర్కారుకు అర్జీ పెట్టి, గురజాల దాపున ఎవరూ ముట్టుకోని బంజరు ఇప్పించారట. ముత్తాత పెళ్ళాన్ని, చంటిపిల్లను, ఒక ఎద్దును వెంటబెట్టుకుని నడిచి వచ్చాడు. తుమ్మచెట్లు కొట్టాడు, రాళ్ళు ఏరాడు, జొన్న పండించాడు. తర్వాత ఒక్కొక్క కుటుంబమే వచ్చి చేరితే మా పాలెం అయింది. నాన్న కథ అంతే. చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను. “ఒక ఎద్దుతో ఎట్లా దున్నాడు నాన్నా?”

నాన్న విసుక్కున్నాడు. “అడ్డంగా ప్రశ్నలు వెయ్యబాక. విను.”

నేను విన్నాను. ముప్ఫై ఏళ్ళపాటు సాంఘికశాస్త్రం చెప్పిన దాన్ని. ఏ దేశంలో ఎవరు ఎక్కడికి వలసపోయి ఊరు కట్టుకున్నారన్న పాఠం వచ్చినా మా ముత్తాతను తీసుకొచ్చి పిల్లల ముందు నిలబెట్టేదాన్ని. రిటైరయ్యాక నరసరావుపేటలో ఉంటున్నాను. పాలెంలో పొలం చూసుకునేది మా తమ్ముడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. అమ్మ మిరపకోతలకు వెళ్ళినప్పుడు వాడికి అన్నం కలిపి పెట్టింది నేను. నాన్న పోయాక వాడు కాగితం తెస్తే, పొలంలో నాకు హక్కు వద్దని సంతకం పెట్టాను. వాడు అడగడానికి మొహమాటపడుతుంటే నేనే పెన్ను తీసుకున్నాను. ఈమధ్య చర్చిలో సంఘ పెద్ద కూడా అయ్యాడు. ఊరి రాజకీయాల్లో వాడి మాటకు విలువుంది.

రెండేళ్ళ కిందట వాడు ఫోన్ చేశాడు.

“అక్కా, మన గుడికి నూరేళ్ళు నిండుతున్నయ్. చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. మనోళ్ళు యాడ నుంచి వచ్చారు, ఎట్టా బాగుచేశారు, అదంతా నువ్వు రాయి. నువ్వు తప్ప ఎవరు రాస్తారు?”

ఆ చివరి మాట నాకు ఎంత తీపిగా తగిలిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

“ఎదురింటి అత్తను అడుగు. ఆమెకు పాతయి చానా తెలుసు,” అన్నాడు.

ఎదురింటి అత్త మాకు రక్తసంబంధం కాదు. నాన్న ఆమెను చెల్లెమ్మా అనేవాడు కాబట్టి మాకు అత్త. ఒక్కతే కూతురు కావడంతో ఆమె భర్త ఇల్లరికం వచ్చాడు. ఆయన ఎప్పుడో పోయాడు. అత్త, ఆమె కొడుకు, కోడలు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. మా రాళ్ళచేనుకు ఆనుకుని, ఒక గట్టు అవతల, వాళ్ళ చేను. నా చిన్నతనం నుంచీ అది వాళ్ళ చేనే.

నేను బస్సెక్కి వెళ్ళాను. అత్త వసారాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడాలు తీస్తోంది. ఎనభై దాటినా చేతులు ఆగవు. ఫోన్ పక్కన పెట్టి, “అత్తా, నువ్వు చెప్పేది ఇందులోకి ఎక్కుద్ది. మన పెద్దోళ్ళ సంగతులు చెప్పు. మా ముత్తాత ఒక్కడే వచ్చాడంట గదా,” అని మొదలుపెట్టాను.

ఆమె చేతులు ఆగాయి.

“ఒక్కడే వచ్చాడని ఎవరు చెప్పారే నీకు?”

“మా నాన్న.”

అత్త పగలబడి నవ్వింది. “ఒంటెద్దుతో అరక సాగిద్దా? టీచరమ్మవి, ఆ మాత్రం తెలవదా? రెండో ఎద్దు మాది.”

ఆ మధ్యాహ్నమంతా ఆమె చెబుతూనే ఉంది. అంతకుముందు నేను మోసిన కథంతా ఒక్కొక్క రాయిగా కదిలిపోతూ వచ్చింది.

మా ముత్తాత, అత్త వాళ్ళ తాత ఒకే ఆసామి దగ్గర పాలేర్లు. ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకే రోజు గుడిసెలు పోగొట్టుకున్నారు. రెండు కుటుంబాలు కలిసి నడిచి వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కో ఎద్దు. రెండూ కలిస్తేనే అరక. అందుకని ఒకడి చేను దున్నాలంటే రెండోవాడు రావలసిందే.

మొదటి ఏడాది దున్నలేదు. రాళ్ళు ఏరడంతోనే సరిపోయింది. పైన కనపడే రాళ్ళు ఆడవాళ్ళు తట్టలకెత్తి మోశారు. ఆ కింద నాపరాయి పలకలు పలకలుగా ఉంటే మగవాళ్ళు గడ్డపారలతో పెళ్ళగించారు. ఆ పలకలనే నిలబెట్టి ఇంటి గోడలు చేసుకున్నారు. పక్క ఊరివాళ్ళు వీళ్ళను బావి దగ్గరికి రానివ్వలేదు. వాగులో చెలమ తవ్వుకుని, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, ముంతతో తోడుకున్నారు. రెండో ఏడు వరిగ చల్లారు. అది కూడా పిడికెడే పండింది. మూడో ఏడు జొన్న పండాకగాని కడుపునిండా తినలేదట.

“ఇంకో సంగతి చెబుతా విను,” అంది అత్త. “శనివారం రాత్రి పట్టిన పెద్ద వాన పొద్దుపొడిచేదాకా పడింది. తెల్లారితే ఆదివారం. పక్కూళ్ళో అందరూ గొర్రు కట్టారు. మనోళ్ళు మాత్రం చాపేసుకుని పాటలు పాడుకుంటా కూర్చున్నారు. సోమవారానికి పదును ఆరిపోయింది. మా నాయనమ్మకూ మీ ముత్తవ్వకూ కోపం వచ్చింది. ‘విశ్రాంతి దినాన వాన మాత్రం ఎందుకు కురిపించాడంట మీ దేవుడు?’ అని ఇద్దరూ కలిసి మొగోళ్ళకు రెండు రోజులు కూడు వండలేదు.”

ఇద్దరం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

తర్వాత ఆమె గొంతు తగ్గించి, అడగకుండానే చెప్పింది.

“కాగితం మీ ముత్తాత పేరునే ఉండది. ఆయనకు సంతకం వచ్చు, మా తాతకు వేలిముద్ర. ఒక ముక్కకు ఒక పేరే రాస్తామన్నారంట సర్కారోళ్ళు. ‘నీ పేరునే రాయించుకో అన్నా, నీదైతే ఏంది, నాదైతే ఏంది’ అన్నాడంట మా తాత. చేను మాత్రం ఇద్దరిది. మధ్య గట్టు ఇద్దరూ కలిసే పోశారు. నా పిల్లలు ఈ గట్టు దాటరు అని మీ ముత్తాత గ్రంథం మీద చెయ్యేసి చెప్పాడు. ఇప్పటిదాకా ఎవరూ దాటలా. మా తాత పేరు ఏ కాగితంలోనూ లేదే. నీ పుస్తకంలో అన్నా రాయి.”

రాస్తానన్నాను.

రాశాను కూడా. నాన్న కథ తప్పని ఒప్పుకోవడానికి కాస్త బాధేసినా, నిజం అంతకంటే బాగుంది. రెండు ఎద్దుల సంగతి, ఇద్దరు ఆడవాళ్ళు వండకుండా కూర్చున్న సంగతి, గట్టు సంగతి, అన్నీ రాశాను. “అత్త ఎంత బాగా చెప్పిందో నువ్వూ విను” అని ఆ రికార్డింగు తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. వాడు దండం బొమ్మ పెట్టాడు. ప్రూఫులు నన్ను చూడమంటాడేమో అనుకున్నాను. “నువ్వు కళ్ళు పాడుచేసుకోబాక అక్కా, నేను చూసుకుంటాలే,” అన్నాడు.

పండుగ ఆదివారం గుడి కిటకిటలాడింది. బయట షామియానా వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేసి పుస్తకం విడుదల చేశారు. నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. నా చోట కూర్చున్నాక పుస్తకం తెరిచాను.

“మా ముత్తాత ఒక్కడే ఈ రాళ్ళలోకి వచ్చాడు” అని మొదలైంది.

నా వాక్యాల మధ్యలో నాన్న కథ కూర్చుని ఉంది. వాగు, చెలమ, వరిగ, జొన్న, అన్నీ నేను రాసినవే. రెండో మనిషి లేడు. రెండో ఎద్దు లేదు. గట్టు లేదు. ఆదివారం వాన ఉంది గాని, వండనని కూర్చున్నది ఒక్క ఆడమనిషే. కింద నా పేరు.

ఆరాధన అయ్యాక తమ్ముణ్ణి పక్కకు పిలిచాను. “ఏందిరా ఇది?”

“పేజీలు ఎక్కువైనయ్యక్కా. ప్రెస్సోడు తగ్గించమన్నాడు. మళ్ళీ వేసినప్పుడు కలుపుదాంలే,” అని, భోజనాల దగ్గర వడ్డన చూడాలంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడే అత్త పుస్తకం పట్టుకుని కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు చదువు రాదు. నా ముందు పేజీలు తెరిచి, “మా తాత సంగతి యాడ రాశావే? ఒక్కసారి వేలు పెట్టి చూపించు,” అంది.

చుట్టూ జనం. నా మెడలో శాలువా. నేను, “లోపల ఉందత్తా, తర్వాత చదివి వినిపిస్తాలే,” అన్నాను.

ఆమె పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది.

తమ్ముడు ఏం చేశాడో చెప్పబోతున్నాను. అంతకన్నా ముందు నేను ఆడిన ఈ అబద్ధాన్ని చెప్పడమే న్యాయం.

మూడు వారాల తర్వాత అత్త కొడుకు ఫోన్ చేశాడు. నన్ను వదినా అంటాడు. నెమ్మదస్తుడు, గొంతు ఎత్తి మాట్లాడడు.

“వదినా, రీసర్వే వాళ్ళు మన చేలల్లోకి వచ్చారు. మీ తమ్ముడు మొత్తం చేను తనదేనని కాగితం చూపించాడు. మరి గట్టవతల ఈయన దున్నుతున్నాడు గదా అని సర్వేయరు అడిగాడు. ‘మా ముత్తాత జాలిపడి దున్నుకోనిచ్చాడు, అంతే’ అన్నాడు మీవాడు. మీ పుస్తకం చూపించాడు. అమ్మ గొంతు మీరు ఫోన్లోకి ఎక్కించారంట గదా. అది అందరి ముందర పెట్టాడు. ‘కాగితం మీ ముత్తాత పేరునే ఉండది’ అని ఇనపడింది. అంతటితో ఆపేశాడు.”

మొదటి బస్సుకే పాలెం వెళ్ళాను.

తమ్ముడు కల్లంలో మిరపకాయల మీద టార్పాలిన్ పట్టా సర్దుతున్నాడు. నన్ను చూసి, “అన్నం తిన్నావా?” అన్నాడు.

“అత్త మాట సగంలో ఎందుకు కోశావు?”

“నేనేం అబద్ధం చెప్పా? ఆ ముసలామె నోటి మాటే గదా.”

“సగం మాట.”

“సగమో మొత్తమో, కాగితం ఏం చెబితే అదే. ఇప్పుడు హద్దు రాళ్ళు పాతితే ఇక కదలవక్కా. ఇప్పుడు ఊరుకుంటే రేపు నా పిల్లలు వాళ్ళతో కొట్టుకోవాలి. నీకేం, పేటలో ఉంటావు.”

“అయితే నాతో ఎందుకు రాయించావు? నీ కాగితం నీకుంది గదా.”

పట్టా మడత సరిచేశాడు. తర్వాత చాలా మామూలుగా, పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. “కాగితం ఎవరి పేరునుందో ఆమె నోటితో ఆమే చెప్పాల. నేనడిగితే చెప్పిద్దా? నువ్వడిగితే చెప్పిద్ది.”

నేను అక్కడే ఒక బస్తా మీద కూర్చున్నాను. గుడి నూరేళ్ళ పండుగ నిజం. పుస్తకం నిజం. నాకు కప్పిన శాలువా నిజం. అవన్నీ నిజాలే గాని, నన్ను ఆ వసారాలోకి పంపింది మాత్రం ఒక్క వాక్యం కోసం. నేను ప్రేమగా అడిగిన ప్రతి ప్రశ్నా వాడి పనిముట్టు.

“నాన్నకు తెలుసా ఈ సంగతి? ఇద్దరు వచ్చారని?”

“తెలియకుండా ఎట్టా ఉంటది? ఆయనా ఎదురింటి అత్త నాయనా ఆ గట్టు మీద కూర్చునే గదా సద్ది తినేది.”

నాన్న గట్టు దాటలేదు. బతికినన్నాళ్ళూ వాళ్ళను తనవాళ్ళలాగే చూశాడు. కాని కథలో మాత్రం గట్టు ఎప్పుడో దాటేశాడు. మాకు ఆ కథే చెప్పి పెంచాడు. తమ్ముడు చేసింది నాన్న మొదలుపెట్టిన పనిలో మిగతా సగమే అనిపించింది. చనిపోయిన తండ్రి మీద కోపం రావడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి ఎదురింటికి వెళ్ళాను. అత్త మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కోడలు నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను అత్త కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. పూర్తి రాత నా దగ్గర ఉందన్నాను. పూర్తి మాటలూ నా ఫోన్లో ఉన్నాయన్నాను. తమ్ముడు ఇట్లా చేస్తాడని నాకు తెలియదన్నాను.

అత్త ఇటు తిరిగింది.

“గుళ్ళో అడిగితే లోపల ఉందన్నావు గదే.”

అంతే అంది.

నేను ఊరుకోలేదు. గురజాలలో రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళి నా వాంగ్మూలం రాసిచ్చాను. అత్త కొడుకును వెంటబెట్టుకుని విచారణకు వెళ్ళాను. అక్కడి అధికారి చిన్నవయసు అమ్మాయి. నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అత్త మాటలు మొత్తం విన్నది. గ్రంథం మీద చెయ్యేసిన చోట కళ్ళెత్తి తమ్ముడివైపు చూసింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. “మేడం, ఇది వాళ్ళ గొడవ కాదు. మా అక్కకు వాటా కావాల. నన్ను అడగలేక ఇట్టా వాళ్ళను ముందుపెట్టింది.”

హక్కు వద్దని నేను సంతకం పెట్టిన కాగితం వాడి బీరువాలోనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు. అయినా నా ముఖం చూస్తూనే ఆ మాట అన్నాడు. గదిలో మా పాలెం వాళ్ళు పదిమందిదాకా ఉన్నారు. వాళ్ళంతా ఓహో అదా సంగతి అన్నట్టు తలలాడించారు. నేను జవాబు చెప్పాను గాని, అప్పటికే ఎవరూ నా మాట వినడం లేదు.

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. తన ముందున్న కాగితంలో ఒక్క పేరే ఉందనీ, నా వాంగ్మూలం ఫైల్లో పెడతాననీ, ఇన్నేళ్ళుగా వాళ్ళు దున్నుతున్న అనుభవం సంగతి తేలాలంటే కోర్టుకు వెళ్ళవలసిందేననీ. ఆమెను తప్పు పట్టలేను.

వకీలును నేను మాట్లాడతానన్నాను. అత్త కొడుకు కొన్నాళ్ళు ఊఁ అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గించాడు. చివరికి ఒకరోజు తనే చేశాడు.

“వదినా, పెద్దమనుషులు కూర్చున్నారు. మా సగం నేనే దున్నుకోవచ్చంట. కాకపోతే కౌలుకు. రాసిచ్చాను.”

“నీ చేను నువ్వు కౌలుకు చెయ్యడమేందయ్యా? ఎందుకు సంతకం పెట్టావు?”

“కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. మీ తమ్ముడితో పగ పెట్టుకుని ఆ పాలెంలో బతకలేను. మందులు కొట్టాలన్నా, నీళ్ళు రావాలన్నా, అన్నిటికీ ఆయనే గదా. మీరు మంచోళ్ళే. కాదనను. కానీ మీరు రాయకముందే మేం బాగుండాం వదినా.”

నా అసలు రాత జిరాక్స్ తీయించి, పాలెంలో ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. తమ్ముడింట్లోనూ వాడి భార్య చేతిలో పెట్టాను. ఆమె తీసుకుంది, తలెత్తలేదు. కొందరు చదివారు. ఒకామె నన్ను వీధిలో ఆపి, “మా నాయన కూడా ఇట్టానే చెప్పేవోడు, ఇద్దరొచ్చారని. ఇప్పుడెందుకమ్మా ఇయ్యన్నీ?” అంది. విచారణ రోజు ఆ గదిలో తల ఊపినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

తమ్ముడు ఇప్పటికీ పండుగకు ఫోన్ చేసి, అక్కా బాగుండావా అంటాడు. బాగున్నానంటాను. ఇంతకుమించి మా మధ్య మాటలేదు.

అత్తను మాత్రం పోయిన నెల చూశాను. బాగా తగ్గిపోయింది. పండ్లు తీసుకెళ్తే కోడలు లోపల పెట్టింది. ఏం మాట్లాడాలో తెలియక, “అత్తా, మన మొదటి గుడికి గడ్డి కప్పిన ఏడు ఎవరెవరు ఉన్నారు? అప్పుడు సగంలో ఆపాం,” అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అత్త నన్ను తేరిపారా చూసింది. పాలెంలో ఏ పిల్ల ఏ వారం పుట్టిందో చెప్పగల మనిషి.

“నాకు గుర్తులేదే,” అంది. తర్వాత కోడలిని పిలిచి, నాకు మంచినీళ్ళు ఇమ్మంది.